యారాలి చంకలో నా సాక్ష్యం

నెలకు మూడు రోజులు మా యారాలు మహారాణి. యారాలంటే మా మరిది భార్య. ఇంటికి నేను పెద్ద కోడల్ని, ఆమె చిన్న కోడలు. ముట్టయిన పొద్దు ఆమె అటక మీది ఈతచాప దింపుకుని, తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుని, వెనక వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చునేది. పొయ్యి ముట్టొద్దు, బిందె ముట్టొద్దు, దేవుడి గూటి వైపు పోవద్దు. ఆ ఆచారం మంచిది కాదని నాకు అప్పుడూ తెలుసు. కానీ ఆ మూడు రోజులూ ఆమె పని నా నెత్తిన పడేది. ఆచారం సంగతి తర్వాత, ముందు ఆ చాపను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

"అక్కా, జర చాయ్ పొయ్యవా?" అని వసారాలోంచి కేక వేసేది.

"పోస్త తల్లీ, పోస్త. ఇంకేమన్న గావాల్నా? కాళ్ళు వట్టాల్నా?"

ఆమె నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. గ్లాసుకు గిన్నె తగలకుండా పైనుంచి చాయ్ పోసి వచ్చేదాన్ని.

నాకు ఆ మూడు రోజులు లేవు. మా ఊరి పక్కన ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటి ఏడాది నా గర్భసంచి తీసేశారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, ఒక్కతే కూతురు.

ఊళ్ళో ఆడవాళ్ళకు అది లాభంగా కనిపించేది. "నీకేందే, పీడ పోయింది" అనేవాళ్ళు. ముట్టు లేని ఆడది ఏ రోజైనా దేవుడి పనికి పనికొస్తుంది కదా. అందుకని ఇంట్లో పూజైనా, వాడలో వ్రతమైనా, ఎవరింట్లో పెళ్ళికి పసుపు దంచాలన్నా నాకే కబురు. మా అత్త నన్ను అడిగేది కూడా కాదు. "ఆమెకు అడ్డు లేదు, ఆమె జేస్తది" అని వాడంతటికీ మాట ఇచ్చేసి వచ్చేది. శ్రావణంలో ఊరి బోనాలు వస్తే మా ఇంటి బోనం ఏటా నా నెత్తి మీదే. అది మాత్రం నాకు ఇష్టం. కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, వేపకొమ్మలు కట్టి, పైన దీపం పెట్టుకుని డప్పుల వెనక నడుస్తుంటే ఊరంతా పక్కకు జరిగి దారి ఇచ్చేది. ఆపరేషన్ వల్ల నాకు ఒరిగిందేమైనా ఉంటే అదొక్కటే.

ఎందుకు తీయించుకున్నావని అడిగితే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. తెల్లబట్ట అయ్యేది, నడుము లాగేది. మా అత్తకు ఆరాంఘర్ అవతల ఒక నర్సింగ్ హోమ్ తెలుసు. ఆమె చెల్లెలికీ, చెల్లెలి కోడలికీ అక్కడే తీశారు. నన్నూ తీసుకుపోయింది. డాక్టరు టీవీలాంటి దాంట్లో ఏదో నల్లగా చూపించి, సంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది అన్నాడు. రేషన్ కార్డుంటే ఖర్చు లేదన్నాడు. ఇంకో బిడ్డ కావాలని ఉంది అన్నాను. "ఉన్న బిడ్డకు తల్లి వద్దా?" అన్నాడు. క్యాన్సర్ అన్న పేరు వినగానే మా అత్త ఏడుపు అందుకుంది. నేను సంతకం పెట్టాను. మరునాడు పొద్దుటికల్లా పని అయిపోయింది.

ఏడాది తిరక్కుండా ఒంట్లోంచి ఆవిర్లు లేవడం మొదలైంది. మోకాళ్ళు పట్టేసేవి. ముప్పై నిండనిదాన్ని, మా అత్తతో పోటీపడి మోకాళ్ళకు జిల్లేడాకు కట్టుకునేదాన్ని. సంచితో పాటు పక్కనున్న అండాశయాలు కూడా తీసేశారని, ఆ ఆవిర్లు అందుకేనని నాకు చెప్పినవాళ్ళు లేరు.

అదే ఒంటితో ఎయిర్‌పోర్టులో పనికి కుదిరాను. మా పొలం రన్‌వే కింద ఎక్కడో ఉండిపోయింది, నేనేమో లోపల ఆడవాళ్ళ బాత్రూములు తుడిచేదాన్ని. పసిపిల్లలకు పాలిచ్చే గది కూడా నా వంతే. ఐదారు నెలల కడుపుతో ఉన్న మనిషి ఎవరైనా నడుము మీద చెయ్యి వేసుకుని అద్దం ముందు నిలబడితే, నాకు రావలసిన కడుపు ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఉండేది. ఆమె ఎవరో, ఏ దేశం పోతుందో నాకేం తెలుసు? అయినా సరే. "తడి ఉన్నది మేడం, చూస్కోని నడువుండ్రి" అని పైకి అనేదాన్ని. లోపల ఏమనుకునేదాన్నో ఇక్కడ రాయను.

ఇక మా యారాలి సంగతి. నా ఆపరేషన్ అయిన ఏడాదే ఆమె కోడలై వచ్చింది, వెంటనే కొడుకును కన్నది. వాడికి పాలు మాన్పించే రోజుల్లో ఆమెకూ నాలాగే మొదలైంది. తెల్లబట్ట, నడుము నొప్పి. అత్త ఆమెనూ అదే నర్సింగ్ హోముకు తీసుకుపోయింది. అదే డాక్టరు, అదే నల్ల మచ్చ, అదే పుండు, అదే క్యాన్సర్. సోమవారం వచ్చి చేరమన్నాడు.

ఆ వారంలోనే బడంగ్‌పేటలో ఆమె తమ్ముడి పెళ్ళి.

"తమ్ముని పెండ్లి ఇడిసిపెట్టి నేను మంచంల పండుకోవాల్నా? పెండ్లయినంక చూద్దం అత్తా" అని సంచి సర్దుకుని, కొడుకును ఎత్తుకుని వెళ్ళిపోయింది. పెళ్ళి అయ్యాక వాళ్ళమ్మ ఆమెను అక్కడే సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇది చాలామందికి వచ్చేదే అని మొగుడూ పెళ్ళాలిద్దరికీ గోలీలు రాసింది. మా మరిది నాకేం రోగం అని మొరాయించి, చివరికి మింగాడు. తగ్గిపోయింది. ఆ నర్సింగ్ హోము గడప మళ్ళీ తొక్కనే లేదు.

ఇందులో ఆమె తెలివి ఉందంటే నేను ఒప్పుకోను. ధైర్యమూ లేదు. కొత్త పట్టుచీర కట్టుకుని పెళ్ళికొడుకు పక్కన ఫోటో దిగాలన్న ఆశ, అంతే. నాకు తమ్ముడే లేడు. ఆమె కూడా తీయించుకుని వస్తే ఇద్దరం ఒకటవుతాం, పని వంతులు వేసుకుందాం అని నేను అనుకున్న మాట నిజమే. అప్పటికి అది వైద్యమనే నమ్మాను. నాకు చేసిన వైద్యం ఆమెకు తప్పిపోయిందని, దాని ఫలితం ముందుముందు చూస్తుందని కూడా అనుకున్నాను.

తర్వాతి ఏడాది ఒక నెల ఆమె చాప దింపలేదు. ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. మా మరిది కంటే ముందు, ఆమె కంటే కూడా ముందేమో. ఆ అటక మీద నా కన్ను అంతగా ఉండేది.

"ఏమే, ఈ నెల మహారాణికి సెలవు లేదా?" అన్నాను.

ఆమె బియ్యం చేట కింద పెట్టి, వేళ్ళు మడుచుకుని లెక్క చూసుకుని, కొంగుతో నోరు మూసుకుంది. కళ్ళు మెరిసిపోతున్నాయి. నాకు మాత్రం ఆ డాక్టరు చూపించిన నల్ల మచ్చ గుర్తొచ్చింది. అదే డాక్టరు, అదే మచ్చ, అవే మాటలు. ఆ సంచిలో బిడ్డ నిలిచిందంటే, మరి నా దానికి ఏమైంది? ఎందుకు తీశారు? ఆ ప్రశ్న అంతవరకు నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆమె కడుపు చూశాకే వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. నేను కావాలనుకున్న రెండో బిడ్డ ఆమెకు పుట్టింది. పిల్లకు నీళ్ళు పోసేదాన్ని, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రుద్దేదాన్ని. పిల్ల మీద నాకేం కోపం? తల్లితో మాత్రం మాట తగ్గించేశాను. "బిడ్డ ఏడుస్తున్నది", "అన్నం వండిన", అంతవరకే.

ఆ పిల్ల నడక నేర్చే రోజుల్లో అత్తాపూర్‌లో ఉండే ఒక ఆడవాళ్ళ సంఘం నుంచి ఒకామె మా ఊరికి వచ్చింది. సంచి తీయించుకున్న వాళ్ళందరినీ ఇంటింటికీ తిరిగి కలుస్తోంది. మా ఒక్క వాడలోనే ఇంతమంది ఉన్నామని చూసి, మా పేర్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. అందరూ ముప్పై, ముప్పై ఐదు లోపువాళ్ళే. మనుషుల హక్కులు చూడడానికి దేశానికంతటికీ కలిపి ఢిల్లీలో ఒక కమిషన్ ఉందని, వాళ్ళు పట్నం వచ్చి అందరి ముందు విచారణ పెడుతున్నారని చెప్పింది. బిడ్డను కనాలా వద్దా, ఎప్పుడు కనాలి, నిజం తెలుసుకున్నాకే ఒంటి మీద కత్తి పెట్టనియ్యాలి అన్నది కూడా హక్కేనని చెప్పింది. నాకు అంతవరకు హక్కంటే భూమి పట్టా, రేషన్ కార్డు.

"డాక్టర్ను జైల్ల ఏస్తరా?" అని అడిగాను.

"వెయ్యరక్కా. వాళ్ళది కోర్టు కాదు. సర్కారుకు నోటీసిస్తరు, రిపోర్టు అడుగుతరు, గిట్ల చెయ్యుండ్రి అని చెప్తరు. సర్కారు జవాబియ్యాలె."

"గంతేనా?"

"ఇన్నేండ్లు నిన్ను గంతన్న అడిగినోళ్ళు ఉన్నరా?"

లేరు. నాది కూడా రాసుకోమన్నాను. ఆమె రాసుకుంది కానీ, మొహంలో ఏదో సందేహం.

"వాళ్ళు ఒక్కటి అడుగుతరక్కా. రోగం లేదని నీకెట్ల ఎరుక అంటరు. నర్సింగ్ హోమోళ్ళు నీకు ఒక్క కాయితం ఇయ్యలే. తీసిన సంచిని పరీక్షకు పంపలే. రోగముండె, తీసినం అంటే కాదనేటందుకు నీ తాన ఏమున్నది? గదే డాక్టర్ గదే మాట చెప్పినంక గూడ తీపిచ్చుకోనోళ్ళు, మంచిగున్నోళ్ళు ఎవరన్న ఉన్నరా మీ దిక్కు?"

వసారాలో యారాలు బిడ్డను చంకనేసుకుని పప్పన్నం తినిపిస్తోంది. నా సాక్ష్యం అక్కడే ఉంది, మూతికి పప్పు పూసుకుని. నాకు పోయిందేమిటో రుజువు చేయాలంటే ఆమెకు ఉన్నదేమిటో పదిమందికీ చూపించాలి. ఇంతకంటే కడుపుమంట ఇంకేముంటుంది?

"ఉన్నది ఒకతె" అన్నాను. "అడిగి చెప్త."

అడగడానికి చాలా రోజులు పట్టింది. ముందు ఇంట్లోనే గొడవ. "పోయిందేదో పోయింది, ఆడోళ్ళ ముచ్చట్లు మందిల చెప్తరా?" అన్నాడు మా ఆయన. మరిది అయితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అత్త, "అందరం మంచికే జేసినం గదా బిడ్డా" అని గొణిగింది. చివరికి ఒక పొద్దున యారాలు బట్టలు ఉతుకుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, సంగతంతా చెప్పి, వస్తావా అని అడిగాను.

ఆమె జాడిస్తున్న చీర ఆపింది. "ఎన్నొద్దులాయె నాతోని సక్కగ మాట్లాడక? గిప్పుడు పనివడ్డదా అక్కా?"

"పడ్డది."

"నా బిడ్డను జూస్తే నీకు కండ్లమంట. నాకెరుక లేదనుకున్నవా?"

"ఉండదా మరి? నీ తమ్ముని పెండ్లి ఇంకో నెలకు వెట్టుకుంటే నీది గూడ పోతుండె."

కోపం వస్తుందనుకున్నాను. ఆమె చీరను బకెట్లో పడేసి తడి చేతులు నడుము మీద పెట్టుకుంది.

"మరి నాకు లేదనుకున్నవా కండ్లమంట? గా చాప మీద కూసోని నేను సుఖపడ్డనా? కుక్కకు వెట్టినట్టు దూరం నుంచి అన్నం వెడుతరు. నువ్వు గుడికి పోతవ్, యూనిఫాం ఏస్కోని నౌకరికి పోతవ్, అందరు నిన్నే పిలుస్తరు. పెండ్లయి వచ్చిన కాడికెల్లి ఇంటి బోనం నేనొక్కసారి ఎత్తలే. ఎప్పుడు జూసినా కడుపో, పురుడో, ముట్టో. మా అవ్వ ఏడాదికోసారి అడుగుతది, నువ్వెప్పుడు ఎత్తుతవే అని. డప్పులెంబడి నువ్వు పోతుంటే నేను అరుగు మీద నిలవడి చూసుడే."

నేను నిజంగా బిత్తరపోయాను. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఈ భూమ్మీద ఒకరున్నారని, అదీ మా వసారాలోనే ఉందని ఎన్నడూ అనుకోలేదు.

"వస్త" అంది. "ఎవ్వలొద్దన్నా వస్త. గని ఈ ఏడు బోనం నాది. గా పొద్దు ముట్టున్నా సరే, నాదే."

"ముట్టుంటే ఎట్ల ఎత్తుతవే?"

"ఎవ్వలికెరుకైతది, నువ్వు జెప్పకుంటే?"

నా ఒంట్లోది పోయినందుకు ఊరు నాకిచ్చింది ఆ బోనం ఒక్కటే. దానికీ కన్నేసింది. లాగి ఒక్కటిద్దామనిపించింది.

"సరె" అన్నాను.

విచారణ రోజు ఎక్స్‌ప్రెస్ వే మీద బస్సులో కిటికీ సీటు ఆమెదే, బిడ్డ ఉందని. పట్నంలో పెద్ద హాలు. వేదిక మీద కమిషన్ వాళ్ళు, ఒక పక్కన ఆరోగ్య శాఖ అధికారులు, ఎదురుగా జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్ళం. ఆపరేషన్ క్యాంపులో కుట్లు పాడైనవాళ్ళు, పిల్లలు వద్దనుకుని ఆపరేషన్ చేయించుకున్నా మళ్ళీ కడుపొచ్చినవాళ్ళు, నాలాంటివాళ్ళు. మా దగ్గర మాట్లాడకుండా దాచుకునేవన్నీ అక్కడ మైకులో చెప్తున్నారు. మధ్యలో కూర్చున్న కమిషన్ మేడం తల పండిన మనిషి, హిందీలో అడుగుతుంది. పక్కన కోస్తా వైపు అబ్బాయి తెలుగు చేస్తాడు.

"గర్భాశయం తొలగించే ముందు దాని పర్యవసానాలు మీకు వివరించారా అండీ?" అన్నాడు నన్ను. మేడం హిందీయే నాకు సులువుగా అర్థమైంది.

చెప్పాను. నల్ల మచ్చ, క్యాన్సర్, ఉన్న బిడ్డకు తల్లి వద్దా అన్న మాట, ఆవిర్లు, మోకాళ్ళు. కోపంగా ఉన్నాను కాబట్టి ఏదీ వదల్లేదు. అధికారి ఒకాయన లేచి, రోగం ఉండే ఉంటుంది, ఈ ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి తీసేయమంటారు అన్నాడు. మేడం నా వైపు తిరిగి, నీకు రోగం లేదని ఎలా చెప్పగలవమ్మా అని అడిగింది. సంఘం అక్క చెప్పినట్టే, అక్షరం తప్పకుండా.

నేను వెనక్కి తిరిగి చూశాను. మా యారాలు లేచి నిలబడింది.

"నాకు గూడ గదే చెప్పిండు మేడం. గదే డాక్టరు, గదే పుండు. మా తమ్ముని పెండ్లుండె, పోలే. సర్కారు దవాఖానల గోలీలిచ్చిండ్రు."

తర్వాత ఏమైంది అని అడిగింది మేడం.

"తర్వాత ఇగో" అని బిడ్డను రెండు చేతులా పైకెత్తింది.

హాలంతా నవ్వింది. తర్వాత చప్పట్లు. ఫోటోలవాళ్ళు ముందుకు పరిగెత్తారు. మేడం నవ్వలేదు. అధికారి వైపు తిరిగి, "ఈ పిల్లను కూడా పుండు అని రాస్తారా?" అంది. ఆయన కూర్చున్నాడు. ఆ నర్సింగ్ హోము రికార్డులు తెప్పించి, సర్కారు డాక్టర్ల బృందంతో మమ్మల్ని చూపించి, రాష్ట్రం తమకు రిపోర్టు పంపాలని ఆమె అక్కడే చెప్పి రాయించింది. ఇకమీదట చిన్న వయసువాళ్ళకు ఇంకో డాక్టరు చూసి ఒప్పుకుంటే తప్ప కార్డు మీద సంచి తీయకూడదని సిఫార్సు చేస్తామంది.

మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. బిడ్డను ఎత్తుకుని మా యారాలు. కథ నాది, ఫోటో ఆమెది. అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది, అది నాది. ఆ పేపరు ముక్కను ఆమె దేవుడి గూటి పక్కన అంటించుకుంది. తుడిచినప్పుడల్లా చూసేదాన్ని, చూసినప్పుడల్లా మండేది.

శ్రావణంలో బోనాలు వచ్చాయి. ఆ పొద్దున ఆమె నా ముందుకు వచ్చి నిలబడింది. ముఖం చూస్తే ముట్టయిందని తెలిసిపోయింది. అయినా అటక మీద చాప కదల్లేదు.

"నడువు, కుండకు పసుపు రాయాలె" అన్నాను.

"ఈ ఏడు చిన్నది ఎత్తుతదా?" అని అత్త అడిగితే, నాకు మోకాళ్ళు లేస్తలేవన్నాను. ఆమె డప్పుల వెనక నడిచింది. వాళ్ళమ్మ బడంగ్‌పేట నుంచి వచ్చి కళ్ళు తుడుచుకుంది. దీపం ఆరలేదు, అమ్మవారికి కోపమూ రాలేదు. నేను అరుగు మీద నిలబడి చూశాను. ఆమె చెప్పింది నిజమే, అక్కడ నిలబడి చూడడం మహా కష్టం.

తర్వాత చాలా కాలం ఏ కబురూ లేదు. సర్కారు డాక్టర్లు ఒకసారి పిలిచి పరీక్షలు చేశారు, అంతే. రాష్ట్రం రెండయ్యే హడావిడిలో మమ్మల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు అనుకున్నాం. ఢిల్లీ కమిషన్ మాత్రం రిపోర్టు ఏదని అడుగుతూనే ఉందట. తెలంగాణ వచ్చిన తర్వాత ఒక ఆదివారం సంఘం అక్క స్వీట్ల డబ్బాతో వచ్చింది. పాత రికార్డులు చూసి డాక్టర్ల బృందం రిపోర్టు ఇచ్చింది, మాలో చాలామందికి సంచి తీయాల్సిన అవసరమే లేదని తేల్చింది. కార్డు మీద ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రుల్లోంచి ఆ నర్సింగ్ హోమును తీసేశారు. మాకు సర్కారు పరిహారం ఇవ్వాలని కమిషన్ సిఫార్సు చేసింది.

"నీది గూడ ఉన్నదక్కా అండ్ల. నీకు ఏ రోగం లేకుండె" అంది.

"గెల్చినం అక్కా!" అని యారాలు నా భుజాలు పట్టుకుని ఊపేసింది. మా ఆయన స్వీటు నోట్లో పెట్టుకుని తల ఊపుతున్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

"అంటే, మంచిగనే ఉండెనా?" అని అడిగాను.

"మంచిగనే ఉండె అక్కా."

అంతవరకూ నాలో ఒక మూల, ఏమో, నాకు నిజంగానే రోగం ఉండిందేమో అనుకునే వీలుండేది. ఆ అనుమానం నాకెంత ఆసరాగా ఉండిందో అది పోయాక తెలిసింది. యారాలు ఇంకా నన్ను పట్టుకునే ఉంది. ఆమె మీద మంట కోసం లోపల వెతికాను, ఆ పూటకు దొరకలేదు. నా కుళ్ళంతా ఇంకొకతె మీదికి పోయింది. ఇంకో బిడ్డకు ఏం పేరు పెట్టాలా అని బస్సులో ఆలోచించుకుంటూ, అత్త పక్కన కూర్చుని నర్సింగ్ హోముకు పోయిన ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల మీద. దానికి నడుము నొప్పి తప్ప ఏ రోగమూ లేదు.